దుంగల ఇళ్ల మరమ్మతు నేర్చుకోవాలంటే గ్రాండ్ టెటాన్

పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవారు అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రానికి వెళితే ఎల్లోస్టోన్ చూసి తిరిగివచ్చేయకండి. దానికి దక్షిణాన గ్రాండ్ టెటాన్ జాతీయ పార్కులో వైట్ గ్రాస్ రాంచ్ ఉంది. 1913లో పశువుల రాంచ్‌గా మొదలై, 1919 నుంచి 1985 దాకా నగరాల నుంచి సెలవులకు వచ్చే అతిథులకు బస ఇచ్చి, గుర్రపు స్వారీ చేయించిన చోటు అది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పాడుబడిన దుంగల క్యాబిన్లను బాగుచేసి, ఇప్పుడు అక్కడే చారిత్రక కట్టడాల మరమ్మతు నేర్పుతున్నారు. వలంటీర్లకూ చోటుంది.

ముందు నేర్పేది పుచ్చు ఎక్కడుందో వెతకడం. మొనదేలిన ఇనుప పుల్లతో దుంగను గుచ్చి చూడాలి, సుత్తితో తట్టి చెవి ఒగ్గి వినాలి. పుచ్చినది డొల్లగా మోగుతుంది. అడుగు వరుసలోనే ఎక్కువ నష్టం: చూరునీళ్లు పడి చిందేదీ, చలికాలమంతా మంచు ఆనుకుని ఉండేదీ అక్కడే. నీరు ఎటునుంచి వస్తోందో తేల్చి దారి మళ్లించకుండా దుంగ మార్చడం వృథా. గోదావరి జిల్లాల మండువా ఇళ్లలో టేకు స్తంభాలను రాతి దిమ్మెల మీద ఎందుకు నిలబెట్టారో నాకు ఇక్కడ బాగా అర్థమైంది.

మార్చేది కూడా పుచ్చిన మేరకే. జాకీలతో గోడను కొద్దికొద్దిగా లేపి, కింద చెక్క దిమ్మెలు పేర్చి ఆనించి, చెడిన భాగం కోసి, అదే జాతి కలపను అతుకుతారు. సగం గట్టిగా ఉన్న దుంగను పారేద్దామంటే మా పెద్ద వడ్రంగి ఒప్పుకోలేదు. ఆయన పట్టుదల నాకు ఎంతో నచ్చింది. రెండు పిడుల కత్తితో లాడ్జ్‌పోల్ పైన్ బెరడు ఒలుస్తుంటే పొద్దు తెలియదు. కష్టమంతా గాడి తీయడంలో ఉంది: కింది దుంగ వంపును వృత్తలేఖినితో పైదానిమీద గీసి, ఆ గీత వెంట ఉలి నడపాలి. కాస్త తప్పినా సందు కనిపిస్తుంది.

సందులను గట్టి సిమెంటుతో పూడ్చిన గోడలు త్వరగా చెడతాయి. చెక్క తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది, సిమెంటు కదలదు. చీలికల్లో దిగిన నీరు లోపలే నిలిచి దుంగను తింటుంది. సున్నం పాలు ఎక్కువున్న మెత్తని గారే మేలు.

బస సంగతి. పార్కుకు దగ్గరి జాక్సన్ ఊళ్లో వేసవి అద్దెలు భరించలేం. మేము దిగిన మోటెల్‌లో ముందు చెప్పిన ధరకూ బిల్లుకూ పొంతనే లేదు. ఊరి బస్సు ఉచితమే గానీ పార్కు లోపలికి రాదు, కారు తప్పదు. నా ఓటు పార్కు లోపలే ఉన్న కోల్టర్ బే క్యాబిన్లకే. పరిసరాల నుంచి తరలించి తెచ్చిన పాత దుంగల ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. పగలు నేర్చిన కూర్పును రాత్రి మంచం మీంచే పరిశీలించవచ్చు. వంటగది లేదు, వైట్ గ్రాస్‌కు దాదాపు గంట ప్రయాణం, నెలల ముందే గది పట్టుకోవాలి. అయినా అదే మంచిది.

పార్కులోని మూస్ అనే చోట 1925 నాటి దుంగల చర్చి చూడండి. పీఠం వెనక కిటికీలో టెటాన్ శిఖరాలు కనిపిస్తాయి. పని నేర్చిన కళ్లకు మాత్రం ఉత్తరాన ఉన్న కన్నింగ్‌హామ్ క్యాబిన్ ఇంకా విలువైనది. 1880ల చివర కట్టిన మోటు ఇల్లు, మట్టి కప్పు; మూలల్లో దుంగలు కలిసే గాడులు దగ్గరగా చూడవచ్చు.

రాంచ్‌కు వెళ్లే మూస్-విల్సన్ రోడ్డు ఇరుకు, పెద్ద వాహనాలను రానివ్వరు. వేసవిలోనూ రాత్రులు చలి, జూన్, జూలైలలో దోమలు విపరీతం.