తీన్మార్ వార్తలు: నవ్వు బాగుంది, గురి సగమే

వీ6 ఛానెల్‌లో తెలంగాణ యాసలో, వ్యంగ్యంగా వచ్చే తీన్మార్ వార్తలు ప్రోగ్రాంను నేను టీవీలో కన్నా ఫోన్‌లోనే ఎక్కువ చూస్తాను. హనుమకొండలో ఆర్టీసీ కండక్టర్‌ని. సెకండ్ డ్యూటీ దిగి, క్యాష్ కట్టి ఇంటికొచ్చేసరికి పది దాటుతుంది. అన్నం తింటూ యూట్యూబ్‌లో పెట్టుకుంటాను. బస్సులో రోజంతా అన్ని పార్టీల వాళ్ళ మాటలూ చెవిన పడుతుంటాయి కాబట్టి, ఈ ప్రోగ్రాం ఎవరిని గట్టిగా అంటోంది, ఎవరి దగ్గర గొంతు తగ్గిస్తోంది అన్నది నాకు తొందరగానే పట్టుబడుతుంది. నేను రాసేది దాని గురించే.

ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే అది చిన్నది కాదు. 2012లో ఈ ఛానెల్ వచ్చేనాటికి మన యాసను సినిమాల్లో రౌడీకో కమెడియన్‌కో పెట్టేవాళ్ళు. వార్తలు మాత్రం పుస్తకం చదివినట్టు చదివేవాళ్ళు. మొగులు, పొద్దుగాల, ఏడికెల్లి లాంటి మాటలతో వార్తలు మొదలైతే వంటింట్లో ఉన్న మా అత్తమ్మ వచ్చి టీవీ ముందు కూర్చుంది. అంతకుముందు ఆమె వార్తలు చూసిన మనిషి కాదు. బిత్తిరి సత్తి, సావిత్రి అని ఇద్దరు ఈ వార్తలు చెప్పిన రోజుల్లో సత్తి అమాయకంగా ఒక ప్రశ్న వేసేవాడు, ఆమె కసురుకునేది, ఆ కసురులోనే సర్కారుకు తగలాల్సింది తగిలేది. 2019లో సత్తి వెళ్ళిపోయాక ఆ జోడీ మళ్ళీ కుదరలేదని నా అభిప్రాయం.

ఇప్పటికీ బాగా చేసేవి ఊరి ఐటెమ్‌లు. రోడ్డు గుంతల్లో నీళ్ళు నిలిస్తే ఊరోళ్ళు నారు తెచ్చి నాటేస్తారు చూడండి, అలాంటివి. కెమెరా మోకాళ్ళ దాకా బురదలో ఉన్న ఆడోళ్ళ మీద మొదలవుతుంది, పక్కనుంచి ఆటో ఒకటి ఒరిగి ఒరిగి పోతుంది, ఆ తర్వాతే రోడ్డు ఎన్నేండ్ల నుంచి అట్లుందో చెప్తారు. నవ్వు ఊరోళ్ళ మీదికి పోదు, ఆ రోడ్డు వేయని వాళ్ళ మీదికి పోతుంది. నా లెక్కలో వ్యంగ్యం అంటే ఇదే.

2019 అక్టోబర్ 5న మా సమ్మె మొదలైంది, 52 రోజులు నడిచింది. ఆ రోజుల్లో ఈ ఛానెల్ మా వైపు బలంగా నిలబడింది. డిపో ముందు వంటావార్పులు, కార్మికుల ఇళ్ళలో ఏడుపులు అన్నీ చూపించింది. అదే సాయంత్రం ఇంకో ఛానెల్ తిప్పితే అసలు సమ్మె ఉందో లేదో అన్నట్టుండేది. నాకు కృతజ్ఞత ఉంది, దాచుకోను. కానీ ఛానెల్ నడిపేది గడ్డం వివేక్ గారి కుటుంబం. ఆయన ఆ ఏడాది ఆగస్టులోనే బీజేపీలో చేరారు, రాష్ట్రంలో సర్కారేమో టీఆర్‌ఎస్‌ది. ఆయన అధికార పార్టీలోనే ఉండి ఉంటే మా డిపో గేటు దగ్గరికి కెమెరా అంత తరచుగా వచ్చేదా? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఎందుకంటే తర్వాత లెక్క మారింది. 2023 నవంబర్‌లో ఆయన కాంగ్రెస్‌లోకి వచ్చి, చెన్నూరులో గెలిచి, 2025 జూన్‌లో మంత్రి అయ్యారు. ఇప్పుడు తీన్మార్‌లో పాత సర్కారు మీద పంచ్‌లు పదునుగానే పడుతున్నాయి. కొత్త సర్కారు సంగతికి వచ్చేసరికి ఐటెమ్ ఉంటుంది కానీ, ఆ కారం ఉండదు. నేను చూసినంతలో నాకు అనిపించింది ఇది. ఈ ఒక్క ఛానెల్‌ను అనడం న్యాయం కాదు కూడా. టీ న్యూస్ బీఆర్‌ఎస్‌ది, సాక్షి జగన్ గారి కుటుంబానిది. ఎవరి ఛానెల్‌లో ఎవరి మీద జోక్ ఉండదో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఎల్లిగడ్డల (వెల్లుల్లి) గోల. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు ఫ్రీ బస్సు వచ్చింది, మేము జీరో టికెట్ కొడుతున్నాం. ఒకామె బస్సులో ఎల్లిగడ్డ ఒలుస్తున్న వీడియో తిరిగితే అందరికీ కామెడీ అయిపోయింది. 2024 ఆగస్టులో కేటీఆర్ గారు బస్సుల్లో బ్రేక్ డ్యాన్సులు వేసుకోమన్నట్టు మాట్లాడారు, మర్నాడే విచారం వ్యక్తం చేశారు, మహిళా కమిషన్ నోటీసు కూడా ఇచ్చింది. నా పరకాల బస్సులో కూడా ఒకామె ఒలుస్తుంది. హోటల్ వాళ్ళు కిలో లెక్కన డబ్బులిస్తారట. గోరు చివర పొట్టు ఇరుక్కుని ఎర్రగా అయి ఉంటుంది, అయినా చెయ్యి ఆగదు, దిగేలోపు ఒక సంచి ఖాళీ అవుతుంది. ఆమె మీద జోక్ ఏముంది? సర్కారును తిట్టే ఛానెళ్ళు ఆడవాళ్ళు జుట్టు పట్టుకున్న వీడియోలు వేశాయి, సర్కారును మెచ్చే ఛానెళ్ళు నవ్వుతూ ఆధార్ కార్డు చూపిస్తున్న మొహాలు వేశాయి. ఎక్కేవాళ్ళు పెరిగినంతగా బస్సులు ఎందుకు పెరగలేదని నవ్విస్తూ అడిగిన ఐటెమ్ నా కంట పడలేదు. ఫుట్‌బోర్డు మీద నిలబడి టికెట్ కొట్టేదాన్ని, నాకు కావాల్సిన వ్యంగ్యం అది.

ఇంకో సంగతి. 2014 జూన్‌లో తెలంగాణ కొత్త ఎమ్మెల్యేల మీద టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమం వేస్తే పెద్ద గొడవైంది. కేబుల్ వాళ్ళు టీవీ9తో పాటు ఏబీఎన్‌నూ ఆపేశారు. గెలిపించిన జనాన్నే తక్కువ చేసే వెక్కిరింత తప్పు, అప్పుడు నాకూ కోపమొచ్చింది. కానీ వైరు పీకడం దానికి జవాబు కాదు. ఒకసారి పీకితే మిగతా వాళ్ళందరూ జోక్ రాసే ముందే భయపడతారు. యజమానికి భయపడే కామెడీ, సర్కారుకు భయపడే కామెడీ రెండూ చూసేవాళ్ళకు ఒకటే నష్టం.

చూడొచ్చా అంటే, చూడండి. ఊరి ఐటెమ్‌లకు, భాషకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. రాజకీయాల ఐటెమ్‌లకు రెండు. ఒక్కటే చూసి పడుకోకండి, అదే సంగతిని అవతలి పార్టీ ఛానెల్‌లో ఇంకో పది నిమిషాలు చూడండి. మా ఇంట్లో మా ఆయన ఒకటి పెడితే నేను ఇంకొకటి పెడతాను, మధ్యలో గొడవ అవుతుంది, ఫర్వాలేదు.

వివేక్ గారికి ఇచ్చింది కార్మిక శాఖ. అన్ని పనిచోట్లా కూలి తక్కువ, డ్యూటీ ఎక్కువ అని మొరపెట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఆ శాఖ మీద, ఆ మంత్రి మీద, గుంతల రోడ్డు మీద వేసినంత గట్టిగా తీన్మార్ ఒక్క ఐటెమ్ వేస్తే, ఆ రెండును నాలుగు చేసి ఇదే రివ్యూ మళ్ళీ రాస్తాను.