షేర్డ్ డెస్కుల ఆఫీసుకు లాకర్లు కొంటున్నారా? బరంపురం, రాయగడ వైపు వాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చూడండి

ఒడిశాలోని బరంపురంలో ఒక ఆఫీసుకు విశాఖ నుంచి 36 తలుపుల స్టీలు లాకర్లు దిగాయి. అక్కడ ఎవరికీ సొంత సీటు లేదు. పొద్దున వచ్చినవాళ్లు ఖాళీ డెస్కు చూసుకుని కూర్చుంటారు, సామాను లాకర్లో పెడతారు. కొటేషన్‌లో 'డిజిటల్ లాక్' అని రాశారు, వచ్చిందీ డిజిటల్ లాకే. అయినా పనికిరాలేదు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం, ఆ కొటేషన్ లాంటిదే మీ చేతికీ రావచ్చు.

నంబర్ల తాళాల్లో రెండు పద్ధతులుంటాయి. ప్రైవేట్ మోడ్‌లో ఒకసారి పెట్టిన కోడ్ మార్చేదాకా అదే ఉంటుంది. ఒక్కరే వాడే లాకర్‌కు అది సరిపోతుంది. పబ్లిక్ మోడ్‌లో సామాను పెట్టినవాళ్లు తమకు తోచిన నాలుగంకెలు కొట్టి మూస్తారు, మళ్లీ అవే కొట్టి తెరవగానే ఆ కోడ్ చెరిగిపోతుంది. లాకర్ తరవాతి మనిషికి సిద్ధం. సీట్లు మారే ఆఫీసుకు కావలసింది ఇదే. వచ్చినవేమో ప్రైవేట్ మోడ్ ఒక్కటే ఉన్న చవక రకం. నిన్న వాడినవాళ్లు మూసేసి వెళ్తే, లోపల ఏమీ లేని లాకర్ ముందు ఇవాళ్టివాళ్లు బ్యాగు పట్టుకుని నిలబడాలి, అడ్మిన్ వచ్చి మాస్టర్ కోడ్ కొట్టేదాకా. రెండు మోడ్‌లూ ఉన్న తాళాలు దొరుకుతాయి. కొటేషన్‌లో 'పబ్లిక్ మోడ్' అన్న మాట రాయించండి, మాన్యువల్ ముందే తెప్పించుకోండి. తరవాత మారుద్దామంటే కొత్త తాళం పాత రంధ్రంలో కూర్చోకపోవచ్చు, అప్పుడు తలుపు కూడా పోయినట్టే.

బ్యాటరీ సంగతీ అడగండి. అయిపోతే బయటి నుంచి కరెంటు అందించే పాయింటు కానీ, మాస్టర్ తాళంచెవి కానీ ఉండాలి. యాప్‌తో, వైఫైతో మాత్రమే తెరుచుకునేవి మన వైపు వద్దు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను బరంపురం పక్కనున్న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి తుపాను వచ్చిన వారం లాకర్లు యాప్‌ను నమ్ముకుని కూర్చుంటే ఎలా?

తాళంచెవి రకమే తీసుకుంటామంటే ఇంకో తిరకాసు ఉంది. చవక క్యామ్ లాకుల్లో (చెవి తిప్పితే వెనక పట్టీ తిరిగి తలుపును పట్టే తాళాలు) తాళంచెవుల రకాలు తక్కువ, ఒక చెవి రెండు మూడు లాకర్లకు పడొచ్చు. చెవి మీద, తాళం ముఖం మీద చెక్కిన నంబర్లు చూడండి. సరుకు దించేటప్పుడే రాసుకుంటే ఒకే నంబరు ఎక్కడెక్కడ వచ్చిందో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక రేకు. మందం 'ఇరవైరెండు గేజి' అంటే ఒప్పుకోవద్దు. ఒక పట్టికలో అది 0.71 మిల్లీమీటర్లు, ఇంకో పట్టికలో 0.76. బేరం మిల్లీమీటర్లలోనే ఆడండి, లాకర్ ఒంటి రేకు 0.8 మిల్లీమీటర్లు అని రాయించండి. నిజమో కాదో తూకమే చెబుతుంది. 180 ఎత్తు, 90 వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతున్న తొమ్మిది తలుపుల యూనిట్‌కు మడతలు లెక్కేయకుండానే సుమారు 8 చదరపు మీటర్ల రేకు పడుతుంది. మిల్లీమీటరు మందం రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. అంటే 0.8 అయితే 50 కిలోలు దాటాలి, 0.6 అయితే 38 దగ్గరే ఆగుతుంది. మడతల బరువు దీనికి అదనం. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కాటా మీద ఒక్క యూనిట్ పెట్టిస్తే చాలు. పల్చటి రేకు తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కితే డబ్బా మూతలా టక్కుమంటుంది.

ఈ యూనిట్‌లో అడ్డంగా మూడు లాకర్లు, కాబట్టి ఒక్కోదాని వెడల్పు కాగితం మీద 30 సెంటీమీటర్లు. అంచులు, చట్రం పోగా తలుపు తెరిచిన సందు 25, 26కు మించదు. ముఖమంతా కప్పే హెల్మెట్ అక్కడే ఇరుక్కుంటుంది. బండి మీద వచ్చేవాళ్లు ఎక్కువైతే హెల్మెట్, పదిహేనున్నర అంగుళాల లాప్‌టాప్ బ్యాగు రెండూ నమూనా యూనిట్‌లో పెట్టి చూశాకే మిగతా ఆర్డరు ఇవ్వండి. బయటి కొలత కాదు, సందు కొలతే అడగండి.

రంగు ఊడేది మొదట తలుపు కింది మడతలోనే. వేలు లోపలికి పోనిచ్చి తడమండి, రంగు పౌడర్ అక్కడిదాకా పట్టలేదంటే గరుగ్గా వట్టి రేకు తగులుతుంది. పౌడర్ కోటింగుకు ముందు నూనె, తుప్పు కడిగి, తుప్పును ఆపే ఫాస్ఫేట్ పూత పట్టించకపోతే పైకి ఎంత నున్నగా కనిపించినా ఉప్పుగాలికి ఆ మడతలో బొబ్బలొస్తాయి. రాయగడలో ఉప్పుగాలి బెడద లేదు, కానీ నేల తుడిచే తడి అక్కడా ఉంటుంది. అడుగున 10 సెంటీమీటర్ల కాళ్లు పెట్టించండి. పార్టికల్ బోర్డు లాకర్లయితే కాళ్లు లేకుండా అసలు తీసుకోవద్దు, కింది అంచు నీళ్లు పీల్చి అటుకుల్లా ఉబ్బుతుంది.

లోపల చార్జింగ్ పాయింట్లు పెట్టామని గొప్పగా చెబుతారు. వెనక రేకు విప్పించి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించి ఉంటే వద్దనండి. లోడు ఎక్కువైతే కరెంటు ఆపే విడి ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ, రేకు ఒంటికి ఎర్తింగ్, తలుపుకు పైనా కిందా గాలి సందులు, ఇవన్నీ ఉంటేనే సరే. మూసిన అరలో అడాప్టర్ వేడి బయటికి పోవడానికి ఆ సందులు తప్ప దారి లేదు.

సరిహద్దు అవతలి నుంచి కొంటున్నాం కాబట్టి బిల్లు కూడా చూసుకోండి. సరుకు ఒడిశాలో మీ చిరునామాకు వస్తోందంటే, మీ ఒడిశా జీఎస్‌టీ నంబరు మీద, రాష్ట్రం దాటే అమ్మకాలకు వేసే ఐజీఎస్‌టీ వేసి ఇవ్వాలి. ఆంధ్రలోనే అమ్మినట్టు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ వేస్తే ఆ పన్ను, మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే క్రెడిట్‌గా రాదు. 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్‌టీ పత్రం) లేకుండా బండి బయల్దేరితే సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటాక ఆపినా ఆశ్చర్యం లేదు.

బాకీలో కనీసం పాతిక శాతం చేతిలో ఉంచుకోండి. యూనిట్లను ఒకదానికొకటి బోల్టులతో బిగించి, గోడకు కట్టి, ప్రతి తాళంలో రెండు వేర్వేరు కోడ్‌లు కొట్టి చూశాకే అది ఇవ్వండి. గోడ తేలిక బ్లాకులదైతే స్క్రూ కోసం గోడలో దూర్చే మామూలు ప్లాస్టిక్ గట్టా ఊడొస్తుంది, ఆ బ్లాకులకు పనికొచ్చే యాంకర్లే తెమ్మనండి.