ఫొటోషాప్‌లో ఆ ఒక్క టిక్కు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

బరంపురంలో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లలో ఫొటోషాప్ వాడనివాళ్లు నాకు కనబడలేదు, కాబట్టి దాని గొప్పలు మళ్లీ చెప్పను. నేను రాసేది ఎడిట్ మెనూ చివర్లో ఉండే కలర్ సెట్టింగ్స్ గురించి. అందులోనూ ‘ప్రొఫైల్ మిస్‌మ్యాచెస్: ఆస్క్ వెన్ ఓపెనింగ్’ అనే గడి గురించి. ఫైల్లోని రంగుల అంకెలకు అర్థం చెప్పే చీటీయే ప్రొఫైల్. మామూలుగా అది ఖాళీగా ఉంటుంది. నాకు ఇంకే టూలూ అంత మేలు చేయలేదు.

ఓ నేతగాళ్ల ఇంట్లో పెళ్లి. పెళ్లికూతురిది రాణీరంగు పట్టుచీర, కుంభం అంచు. వాళ్ల తాతగారే నేశారు. నేనో కెమెరా, మా కుర్రాడో కెమెరా. ఆల్బమ్ కాక నలభై పెద్ద ప్రింట్లు అడిగారు. ల్యాబ్ నుంచి వచ్చాక చూస్తే సగం బాగున్నాయి, సగంలో చీర వెలిసిపోయింది. తాతగారు ఓ ప్రింటు వెలుతురులోకి పట్టుకుని, “బాబూ, ఈ పట్టుకి రంగు నేనద్దాను. ఇది నా చీర కాదు” అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నా తెరమీద మాత్రం నలభై ఫొటోల్లోనూ చీర ఒకే రంగు! ల్యాబ్‌ని అడిగితే ‘మీ ఫైళ్లే అంత’ అన్నారు. పాడైన వాటిలో శాచురేషన్, అంటే రంగు గాఢత, పెంచి మళ్లీ పంపాను. చీర కాస్త తేరుకుంది గానీ ముఖాలు ఎర్రబడ్డాయి. రెండోసారి డబ్బు కూడా పోయింది.

చివరికి దారి చూపింది ఫైళ్ల పేర్లు. పాడైనవన్నీ మా కుర్రాడివి, ప్రతి పేరు ముందూ చిన్న అడ్డగీత. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతి పెడితే ఆ గీత వస్తుంది. అందులో రంగుల పరిధి, మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ కన్నా పెద్దది, కాబట్టి అవే అంకెలు అక్కడ ఇంకా గాఢమైన రంగు. ల్యాబ్ మెషీన్ ప్రొఫైల్ చదవకుండా అన్నిటినీ ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటే రంగు చప్పబడిపోతుంది. ఫొటోషాప్ చదువుతుంది, అందుకే నాకు సరిగ్గా కనబడింది.

తెలియక మొదట ‘అసైన్ ప్రొఫైల్’ నొక్కి ఎస్‌ఆర్‌జీబీ ఇచ్చాను. అంకెలు అలాగే ఉండి అర్థం మారింది, ల్యాబ్ ప్రింటులోని వెలిసిన చీర తెరమీద ప్రత్యక్షమైంది. తప్పెక్కడుందో కళ్లకు కట్టింది! దాన్ని రద్దుచేసి ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ చేశాను. ఈసారి రంగు అలాగే ఉండి అంకెలు మారాయి. మూడోసారి ప్రింట్లు తీసుకెళ్తే తాతగారు అంచు మీద వేలు రాసి తలూపారు.

అప్పట్నుంచీ ఆ గడిలో టిక్కు ఉంది. ఫైలు ప్రొఫైల్, నేను ఫొటోషాప్‌లో పెట్టుకున్నదానికి వేరైతే, తెరిచేముందే ఆగి ఓ చిన్న కిటికీలో అడుగుతుంది. తెలిసినవాళ్లందరికీ పెట్టుకోమని చెప్పాను. ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. వందల ఫైళ్లు ఒకేసారి వరసగా బ్యాచ్‌లో నడిపితే ప్రతిదానికీ ఆగుతుంది. ‘సప్రెస్ కలర్ ప్రొఫైల్ వార్నింగ్స్’ పెడితే అడగడం మానేస్తుంది, మళ్లీ పాత ప్రమాదమే. అందుకని వరస పనులను దాచుకునే నా యాక్షన్‌లో మొదటి మెట్టే కన్వర్ట్. ఇంకోటి: ఎస్‌ఆర్‌జీబీకి అందనంత గాఢమైన రంగును కన్వర్ట్ కూడా కాపాడదు. రాణీరంగు చీర కుచ్చిళ్లలో మడతలు కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి. రంగులన్నిటినీ కుదించి ఇమిడ్చే పర్సెప్చువల్ పద్ధతి ఎంచుకున్నా మామూలు ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌కు తేడా రాదు.

నేను జేపెగ్‌లోనే తీస్తాను, మా ల్యాబ్‌కి ఎస్‌ఆర్‌జీబీయే కావాలి, నా మానిటర్ అంతకుమించి చూపించదు. రా, అంటే కెమెరా ముడి ఫైళ్లు, తీసేవాళ్లకు కెమెరాలోని ఈ సెట్టింగ్‌తో పనే లేదు. సొంత ఇంక్‌జెట్, కాగితానికి తగ్గ ప్రొఫైల్ ఉన్నవాళ్లకైతే అడోబ్ ఆర్‌జీబీయే మేలు కావచ్చు.

పోయిన మాఘంలో ఓ పెళ్లికి కెమెరా అద్దెకు తెచ్చాను. హడావుడిలో దాని మెనూ చూడలేదు. ఇంటికొచ్చి మొదటి ఫైలు తెరవగానే ఆ కిటికీ వచ్చి అడిగింది.