ఇటుక మడా, గ్రో బ్యాగులా?

ఇంట్లో కూరగాయలు పెంచడానికి ఇటుకలతో గోడ కట్టి మట్టి నింపిన మడి మేలా, మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు, అంటే గ్రో బ్యాగులు మేలా?

ఖర్చు: మడికి ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి కావాలి, కానీ ఏళ్ల తరబడి ఉంటుంది. బ్యాగులు చౌకే కానీ ఎండకు పెళుసెక్కి చిరుగుతాయి.

నీళ్లు: మడిలో తేమ నిలుస్తుంది. బ్యాగులను వేసవిలో రోజూ తడపాలి, ఒక్కోసారి రెండు పూటలా.

జరపడం: అసలు తేడా ఇక్కడే. నాలుగడుగుల చదరం, అడుగు లోతు మడిలో తడిమట్టే ఏడెనిమిది వందల కిలోలు. జరపాలంటే మట్టి తోడి, గోడ పగలగొట్టి మళ్లీ కట్టుకోవాలి. అడుగున్నర బ్యాగునైతే ఇద్దరు జరపగలరు.

ఎండ: మేము మే నెల ఎండ చూసి మడి కట్టించాం. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలగానే ఆ వైపు ప్రహరీ నీడ మడినంతా కప్పేసింది. టమాటా మొక్కలు సన్నగా, పొడవుగా సాగిపోయాయి, కాయలే లేవు. చాలా బాధేసింది. టమాటా, వంగకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. పాలకూర, మెంతికి నాలుగు గంటలున్నా చాలు.

సొంత ఇల్లయి, ఏడాదంతా ఎండ ఎక్కడ పడుతుందో తెలిస్తే ఇటుక మడే కట్టండి. వెడల్పు నాలుగడుగులు దాటనివ్వకండి, మధ్యకు చెయ్యి అందదు. అద్దె ఇల్లయినా, మేడ మీదైనా, మొదటి ఏడాదైనా బ్యాగులే మేలు. వాటిని జరపాలంటే కాపు అయిపోయాక, నీళ్లు పెట్టకముందు జరపండి.