అరవయ్యేళ్లకు మళ్లీ ఎల్ బోర్డు కారెక్కాను

ముందే చెప్తున్నా, ఈ డ్రైవింగ్ స్కూల్లో చేరింది నా ఇష్టంతో కాదు. మనవణ్ణి బడి నుంచి నేను తీసుకొస్తానంటే మా అమ్మాయి "వద్దులే నాన్నా, ఆటో వస్తుంది" అంది. ఇంకోసారి అడిగినా అదే మాట. మూడోసారి కాస్త గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది. "నీ పక్కన కూర్చోవాలంటే నాకే భయం నాన్నా, వాణ్ణెట్లా పంపేది?"

1991 నుంచి నా దగ్గర లైసెన్స్ ఉంది. ఎరువుల షాపు పని మీద జిల్లా అంతా తిరిగినవాణ్ణి. పెద్ద యాక్సిడెంట్ ఒక్కటీ లేదు. గీతలంటారా, కడపలో గీత పడని కారు ఎవరి దగ్గరుందో చూపించండి. అందుకే పంతం పట్టి, మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్కూలుకి పోయాను. పది క్లాసులు, 3,500 అన్నారు. బేరమాడితే 3,200కి దిగారు.

కౌంటర్లో ఓనరు నా తల వైపు చూసి, "రెన్యువలే కదా సార్, దానికి క్లాసులెందుకు? ఫొటో, డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చిపోండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. నా మొదటి ఫిర్యాదు ఇదే. అన్నం పెట్టే హోటలువాడే ఆకలెందుకు అన్నట్టుంది.

ఆయన చెప్పింది అబద్ధం కాదనుకోండి. నా లైసెన్స్ 2011లో, 2016లో, 2021లో రెన్యువల్ అయింది, ఇప్పుడు నాలుగోసారి. ఇన్నిసార్లలో ఒక్కసారైనా "ఏదీ, కాస్త నడిపి చూపించు" అన్నవాళ్లు లేరు. నలభై దాటితే ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం తేవాలి, అంతే. 2019లో చట్టం మార్చాక ముప్పైలోపు లైసెన్స్ తీసుకున్నవాడికి నలభై నిండేదాకా రెన్యువల్ పనే లేదు. 55 దాటిన మాబోటి వాళ్లకు ఐదేళ్లకోసారి. గడువు అయిపోయి ఏడాది దాటితే మాత్రం మళ్లీ టెస్టుకి పోయి బండి నడిపి చూపించాలి. అంటే మతిమరుపు ఉన్నవాడికి పరీక్ష, ముప్పై ఐదేళ్లు తప్పుగా నడిపినవాడికి లేదు.

నాకు నేర్పడానికి వచ్చిన అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. రెండు వైపులా బ్రేకున్న పాత స్విఫ్ట్. మొదటి రోజు ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి హెచ్ ట్రాక్ (ఇంగ్లిషు హెచ్ అక్షరం ఆకారంలో నడపడం) వేయించాడు. రివర్సులో కూడా ఒక్క కోను తగలకుండా తీసుకొచ్చాను. వాడు చప్పట్లు కొట్టాడు. ఆర్టీఓ ఆఫీసులో పెట్టే టెస్టు అయితే నేను అక్కడే పాసు, ఇంటికి పోయి అమ్మాయికి చెప్పుకునేవాణ్ణి.

"ఇప్పుడు ఏడు రోడ్ల దాకా పోదాం సార్" అన్నాడు. ఇరవై నిమిషాల తర్వాత కాగితం మీద పదకొండు టిక్కులు. ఒక్కటీ కాదనలేకపోయాను. ఎడమ కాలు మొత్తం క్లచ్ మీదే. కూడలిలో నేరుగా పోవాలని నాలుగు లైట్లూ మిణుకుమనిపించాను. అట్లా వేస్తే ఎడమ పక్కవాడికి ఎడమ ఇండికేటరే కనపడుతుంది, నేను తిరుగుతున్నాననుకుంటాడు. ఎన్నేళ్లుగా అట్లా వేస్తున్నానో! మరుసటి రోజు నా కారే తెమ్మన్నాడు. ఎక్కీ ఎక్కగానే, "ఏం సార్, ఎడమ అద్దం మూసిపెట్టినారే?" సందుల్లో తగులుతుందని కొన్నప్పుడే మూశాను. నేను నేర్చుకున్న అంబాసిడర్‌కి ఎడమ పక్క అద్దమే లేదు, ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదు. సీటు బెల్టు సంగతి సిగ్గుతో చెప్తున్నా. కుయ్యిమని మోగకుండా ముందే క్లిప్పు పెట్టేసి, దాని మీద కూర్చునేవాణ్ణి.

మూడో క్లాసు ఒక్కటే 3,200 చేస్తుంది. తెల్లవారుజామున ఊరి బయట ఖాళీ రోడ్డు. నలభైలో పోతుంటే "బ్రేక్!" అని అరిచాడు. నేను అలవాటు కొద్దీ కొట్టి వదిలి, కొట్టి వదిలి ఆపాను. లారీ నడిపే మా చిన్నాన్న నేర్పిన విద్య అది. ఒకేసారి తొక్కిపడితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుందని తొడ మీద చరిచి మరీ చెప్పాడు. ఆ కాలానికి అది సరైన పాఠమే. "ఇప్పుడు వదలకుండా గట్టిగా తొక్కి పట్టండి సార్" అన్నాడు పిల్లోడు. తొక్కాను. పాదం కింద పెడల్ చేపపిల్లలా గిలగిలా కొట్టుకుంది. భయపడి కాలు తీసేశాను. "అదే సార్ ఏబీఎస్, చక్రాలు బిగుసుకోకుండా చూసేది. మీరు కొట్టి వదిలే పని అదే చేస్తాంది. మీరు తీస్తే దాని పని చెడిపోతుంది." 2019 ఏప్రిల్ నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ ఏబీఎస్ ఉండి తీరాలి. నా కారూ ఆ తర్వాత కొన్నదే. ఇన్నేళ్లూ దాని చెయ్యి నేనే పట్టుకు లాగానన్నమాట. మూడు నాలుగుసార్లు చేయించాక గానీ కాలు మాట వినలేదు.

ఐదో రోజు ఇంకో దెబ్బ. ఫారం 1ఏలో డాక్టరు జవాబివ్వాల్సిన ప్రశ్న ఒకటుంది, పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు కనబడుతుందా అని. నాకు సంతకం పెట్టిన డాక్టరు షుగరుందా, బీపీ ఉందా అని రెండు మాటలడిగి, తలెత్తకుండానే పెట్టాడు. ఈ అబ్బాయి అడుగులతో 25 మీటర్లు కొలిచి చదవమన్నాడు. ఎనిమిదిని మూడన్నాను. ఆ సాయంత్రమే కళ్ల డాక్టరు దగ్గరికి పోతే కుడి కంట్లో శుక్లం మొదలైందన్నారు.

చివరి క్లాసు గువ్వలచెరువు ఘాటు. పైకెక్కి పాలకోవా కొనుక్కుని (వాడికో పావుకిలో, మా ఇంటికో అరకిలో) దిగేటప్పుడు నా చెయ్యి దానంతటదే న్యూట్రల్‌కి పోయింది. వాడు గేరు రాడ్ మీద చెయ్యి వేసి ఆపాడు. ఎక్కిన గేర్లోనే దిగాలన్న మాట నాకు తెలియనిది కాదు, పెట్రోలు మిగులుతుందని ఆశ. అదీ కార్బురేటర్ ఉన్న పాత ఇంజన్ల కాలం నాటి లెక్కేనట. ఇప్పటి ఇంజన్లు గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు ఆపేస్తాయి, న్యూట్రల్లో పెడితేనే తాగుతాయి. రెండో గేర్లో, బ్రేకు మీద పెద్దగా భారం వేయకుండా కిందికి దిగాం. ముందు పోతున్న లారీ బ్రేకుల కమురు వాసన కారులోకి వచ్చింది.

ఇంతా అయ్యాక షాపు దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, అయితే లైసెన్స్ ఉన్నవాళ్లందరికీ మళ్లీ మళ్లీ టెస్టు పెట్టాలంటావా అని. ఆ హెచ్ ట్రాకే మళ్లీ పెట్టేటట్టయితే వద్దంటాను. క్యూ పెరుగుతుంది, మధ్యలోవాళ్ల జేబు నిండుతుంది, నాలాంటి వాడు దర్జాగా పాసవుతాడు. రెన్యువల్‌కి వచ్చినప్పుడు పక్కన ఒకరు కూర్చుని అరగంట ట్రాఫిక్‌లో నడిపించి, టిక్కులు పెట్టిన కాగితం చేతికివ్వాలి. టిక్కులు ఎక్కువైతే నాలుగు క్లాసులు చూసుకుని రమ్మనాలి. ఇది కొత్త సంగతేం కాదు. పెట్రోలు, యాసిడ్ లాంటివి మోసే ట్యాంకర్ డ్రైవర్లకు ప్రత్యేక శిక్షణ ఇప్పటికే ఉంది. జపాన్‌లో 75 దాటినవాళ్లు కొన్ని రకాల ట్రాఫిక్ తప్పులు చేసి ఉంటే, 2022 నుంచి రెన్యువల్‌కి బండి నడిపి చూపించాల్సిందే. నేనైతే ముసలివాళ్లతో ఆపను. ఇరవైలో లైసెన్స్ తీసుకుని నలభై దాకా ఎవరి కంటా పడనవసరం లేని కుర్రాడికీ ఉండాలి. మా షాపు ముందు ఫోన్ చూస్తూ రాంగ్ రూట్లో వచ్చేవాళ్లలో నా వయసువాళ్లు తక్కువే.

ఇక స్కూలు సంగతి. గంట క్లాసని చెప్పి నలభై ఐదు నిమిషాలకే దింపేస్తారు. ఏసీ వేయరు, అడిగితే "అద్దాలు దించితే హారన్లు వినపడతాయి సార్" అంటారు. మే నెలలో కడప ఎండకు ఆ జవాబు సరిపోదు. రాత్రి క్లాసులు లేవు, నాకు అసలు కావాల్సింది అదే. రసీదు మూడుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు. ఇవన్నీ ఓనరు ఖాతా. నేర్పిన అబ్బాయికి ఐదుకి ఐదు, స్కూలుకి మూడు.

మీరెవరైనా ఇట్లాంటి చోట చేరితే పొద్దున ఆరు గంటల క్లాసు అడగండి, అప్పుడు రోడ్డూ ఖాళీ, నేర్పేవాళ్ల ఓపికా నిండుగా ఉంటుంది. రెండు క్లాసులైనా మీ సొంత కారులో చేయించుకోండి. మావాణ్ణి సోమవారం నుంచి నేనే బడికి దింపుతున్నాను. అమ్మాయి మొదటి రోజు వెనక సీట్లో కూర్చుని వచ్చింది, రెండో రోజు రాలేదు. సాయంత్రం ఆటో ఇంకా మాన్పించలేదు.