"హ్యాండ్‌మేడ్ స్టోన్‌వేర్" షేవింగ్ స్కటిల్ కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

బ్రష్షు, సబ్బుతో గడ్డం గీసుకునే అలవాటున్న హైదరాబాదు మిత్రులకు ఈ హెచ్చరిక. నగరం నుంచే పంపుతున్నామని చెప్పుకునే ఒక అమ్మకందారు ఇన్‌స్టాగ్రామ్‌లో 2,400 రూపాయలకు ఒక షేవింగ్ స్కటిల్‌ను అమ్ముతున్నారు. "సారె మీద చేత్తో చేసినది, స్టోన్‌వేర్, రెండు గోడలది" అన్నవి ఆ ప్రకటనలోని మాటలు. సారె అంటే కుమ్మరి చక్రం; స్టోన్‌వేర్ అంటే ఎక్కువ వేడిలో కాల్చి, నీరు ఇంకనంత గట్టిపరచిన మట్టి సామాను. నాకు అందిన వస్తువు విషయంలో మొదటి రెండూ అబద్ధాలు, మూడవది సగం నిజం.

ఈ వస్తువును ఎన్నడూ వాడనివారి కోసం దాని పని ఏమిటో ముందుగా చెబుతాను. స్కటిల్ అంటే వేడినీళ్ల సాయంతో సబ్బు నురుగును వెచ్చగా ఉంచే పింగాణీ లేదా మట్టి పాత్ర. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో వాడిన పాత రకంలో పాత్ర నిండా వేడినీళ్లు ఉంటాయి. పైన సబ్బు పెట్టుకునే చిల్లుల తట్ట, పక్కన బ్రష్షు ముంచుకోవడానికి వెడల్పాటి కొమ్ము ఉంటాయి. ఇప్పటివారు ఎక్కువగా కోరుకునేది వేరే రకం. అందులో నురుగు చేసుకునే గిన్నెకు రెండు గోడలుంటాయి, కొమ్ములోంచి పోసిన వేడినీళ్లు ఆ గోడల మధ్య ఖాళీలో నిలుస్తాయి, కాబట్టి నురుగులో నీళ్లు కలవకుండానే అది వెచ్చగా ఉంటుంది. కెనడాలోని నోవా స్కోషియాలో తయారైన మాస్ స్కటిల్, అమెరికాలో మెయిన్ రాష్ట్రపు జార్జ్‌టౌన్ పాటరీ వారి స్కటిల్స్ ఈ పద్ధతికి పేరుపడ్డవి. మూడవ రకం అన్నిటికన్నా సరళమైనది: పెద్ద గిన్నెలో వేడినీళ్లు పోసి, అందులో చిన్న గిన్నె కూర్చోబెట్టడం.

నేను ఎదురుచూసింది రెండవ రకం. ప్రకటనలోని ఫొటో కూడా దానిదే. గూగుల్‌లో ఆ బొమ్మను వెతికితే అది ఒక విదేశీ కుండల శాల వెబ్‌సైటులో కనిపించింది. ఆ శాలకూ ఈ అమ్మకందారుకూ ఏ సంబంధమూ ఉన్నట్టు ఆధారం లేదు.

ఇక వచ్చిన వస్తువు సంగతి. పిడి కింద నుంచి కొమ్ము వరకు, గ్లేజు (పైన వేసే గాజులాంటి పూత) మాటున కూడా వేలికి తగిలేలా, నిలువుగా ఒక గీత ఉంది. రెండు ముక్కల ప్లాస్టర్ అచ్చు కలిసిన చోట పడే అతుకు గీత అది. సారె మీద లేచిన పాత్రకు లోపల వేళ్ల వలయాలు లీలగానైనా తెలుస్తాయి. దీని లోపలి భాగం అద్దంలా నున్నగా ఉంది. అచ్చులో పోసి చేయడం తప్పు కాదు, మంచి పింగాణీ సామానులో చాలా భాగం అలాగే తయారవుతుంది. అచ్చు సరుకుకు చేతిపని ధర పెట్టడమే మోసం.

మట్టి రకం తేల్చడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. పాత్ర అడుగున గ్లేజు అంటని వలయం మీద నీటిబొట్టు వేస్తే, బాగా కాలిన స్టోన్‌వేర్ మీద అది బొట్టుగానే నిలుస్తుంది. దీని మీద వేసిన బొట్టు చూస్తుండగానే ఇంకిపోయింది. వంటింటి త్రాసులో తూస్తే పొడిగా ఉన్నప్పుడు 412 గ్రాములు, రాత్రంతా నీళ్లలో ఉంచి తుడిచి తూస్తే 451 గ్రాములు వచ్చింది. అంటే తన బరువులో 9 శాతానికి పైగా నీటిని తాగింది. 1,200 డిగ్రీల సెల్సియస్ పైన కాలిన స్టోన్‌వేర్ సాధారణంగా 3 శాతం కూడా పీల్చదు. ఇది తక్కువ వేడిలో కాలిన మామూలు మట్టి పాత్ర, పైన నిగనిగలాడే గ్లేజు పూత మాత్రమే ఉంది.

ఈ తేడా వాడకంలో ఎలా బయటపడుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మకందారు "మీరు మరిగే నీళ్లు పోసి ఉంటారు" అని నింద మన మీదికే తోస్తారు. నేను పోసినవి గీజరు నీళ్లే. మొదట వాష్‌బేసిన్ గట్టు మీద పాత్ర పెట్టిన చోటల్లా తడి వలయం మిగలడం మొదలైంది. ఆ తరువాత గిన్నె లోపలి గ్లేజు మీద సాలెగూడు లాంటి సన్నని చీలికలు వచ్చాయి. నీటిని పీల్చుకున్న మట్టి కొద్దిగా ఉబ్బుతుంది, గాజులాంటి గ్లేజు పూత ఉబ్బలేదు, అందువల్ల అది పగులుతుంది; కొత్తలో బాగానే కనిపించి కొన్నాళ్లకు చీలికలు రావడానికి కారణం ఇదే. ఆ చీలికల్లో సబ్బు చేరి బూడిదరంగు గీతలుగా మారింది, ఎంత తోమినా పోలేదు. చివరకు వేడినీళ్లతో ఉన్న పాత్రను ఎత్తుతుండగా పిడి మొదలంటా ఊడి వచ్చింది. విరిగిన చోట మట్టి సుద్దముక్కలా తెల్లగా ఉండి, వేలితో రుద్దితే పొడి రాలింది. నీళ్లు సింకులో పడ్డాయి కనుక సరిపోయింది, కాళ్ల మీద పడి ఉంటే ఈ హెచ్చరిక మరోలా ఉండేది.

రెండు గోడల మాట సగం నిజం అన్నాను కదా. గోడల మధ్య ఖాళీ గిన్నె అడుగున మాత్రమే ఉంది, పక్కలు ఒంటి గోడే. అందువల్ల నురుగు అడుగున వెచ్చగానూ అంచుల దగ్గర చల్లగానూ ఉంటుంది. కొమ్ము లోపలి రంధ్రం చిటికెన వేలు కూడా పట్టనంత ఇరుకు. నీళ్లు వంపినా పూర్తిగా దిగవు. లోపల గ్లేజు వేశారో లేదో చూసే వీలు లేదు, కడిగే వీలు అంతకన్నా లేదు. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బోరు నీళ్లే దిక్కు, ఆ ఉప్పునీటికి గీజరు కాయిలే సున్నం పట్టిపోతుంది. ఈ ఇరుకు ఖాళీలోనూ అదే జరిగింది; కొన్నాళ్లకు వంపిన నీళ్లతో తెల్లటి పెళ్లలు, ముక్కిపోయిన వాసన కూడా బయటికి వచ్చాయి. వెనిగరు పోసి ఉంచితే సున్నం కొంత కరిగింది కానీ వాసన పోలేదు.

ఈ కారణంగానే నా అభిప్రాయం మారింది. రెండు గోడల స్కటిల్ చక్కగా చేస్తే నిస్సందేహంగా మేలైనది, నురుగును ఎక్కువసేపు వెచ్చగా ఉంచుతుంది. అయితే బోరు నీళ్లు వాడే ఇంటికి గిన్నెలో గిన్నె రకమే నయం, రెండింటినీ విడదీసి పీచుతో తోముకోవచ్చు. డిసెంబరు, జనవరి చలి ఉదయాల కోసమే అయితే, వేడినీళ్లున్న పింగాణీ గిన్నెలో స్టీలు గిన్నె పెట్టినా పని జరుగుతుంది. అందం కావాలంటే నాంపల్లి నుమాయిష్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా ఊరి పింగాణీ పాత్రల దుకాణాలుంటాయి, అక్కడ వస్తువును తిరగేసి అడుగు చూసి కొనవచ్చు. జైపూర్ నీలి పింగాణీని మాత్రం ఈ పనికి తీసుకోకండి. అది క్వార్ట్జ్ పొడితో చేసి తక్కువ వేడిలో కాల్చేది, చూపుకే గానీ రోజూ వేడినీళ్లకు కాదు.

డబ్బు సంగతి. "చేతిపని వస్తువులకు రిటర్న్ లేదు" అని మొదట జవాబిచ్చారు, తరువాత సగం డబ్బు ఇస్తాం, మీరు పెట్టిన ఫొటోలు తీసేయండి అన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి ఆన్‌లైన్ అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి, అమ్మకందారు సొంతంగా రాసుకున్న షరతు దానిని రద్దు చేయలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే దాఖలు రుసుము లేదు, గడువు రెండేళ్లు. ఇదే సరుకు తీసుకున్నవారు ప్రకటన స్క్రీన్‌షాటు, యూపీఐ చెల్లింపు వివరాలు, పార్సిల్ మీది చీటీ పారేయకండి. పార్సిల్ మీద తయారీదారు పేరు, చిరునామా ఉన్నాయో లేదో కూడా చూడండి. నాకు వచ్చిన పెట్టె మీద ఒక ఫోను నంబరు తప్ప ఏమీ లేదు.

పిడి ఊడని పాత్ర మీ దగ్గర ఉంటే వేడినీళ్లతో నింపి పిడి పట్టి ఎత్తకండి, కింద చేయి ఆనించి పట్టుకోండి. ఎరుపు, నారింజ రంగు గ్లేజు లోపలి వైపు ఉండి, అందులో చీలికలు కనిపిస్తే వాడకం ఆపేయండి. అలాంటి రంగుల్లో కాడ్మియం లేదా సీసం వాడి ఉండే అవకాశం ఉంది, ఈ అమ్మకందారు గ్లేజు గురించి అడిగితే జవాబే ఇవ్వరు.

కొత్తగా కొనేవారు ఏ అమ్మకందారు దగ్గరైనా సరే, డబ్బు పంపే ముందు ఒక వీడియో అడగండి: మీకు పంపబోయే పాత్రనే తిరగేసి అడుగు చూపించాలి, ఆ వలయం మీద నీటిబొట్టు వేయాలి, కొమ్ములోంచి నీళ్లు పోసి ఎన్ని పట్టాయో, వంపితే ఎంతసేపటికి దిగాయో చూపించాలి. నా ఫిర్యాదు తరువాత ఈ అమ్మకందారు పేజీ పేరు మారింది, ఫొటోలు అవే ఉన్నాయి.