రైతు రాజకీయాల్లోకి రావాలంటే ఏ గడప ముందు తొక్కాలి? నీటి సంఘమా, సర్పంచ్ పదవా, యార్డు చైర్మన్ కుర్చీనా?

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు గుంటూరు వచ్చాడు. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని మెల్లగా కదిపాడు. "మావయ్యా, వ్యవసాయం మానను. కానీ రాజకీయాల్లోకీ రావాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటావ్?" అన్నాడు.

వాడికి ముప్ఫై నాలుగేళ్లు. కాలువ కింద సొంతం మూడెకరాల మాగాణి, మెట్టలో నాలుగెకరాల కౌలు. మాగాణిలో వరి, కౌలు చేలో మిరప. ఆశ పెద్దదే, అసెంబ్లీ దాకా వెళ్లాలని. వెళ్లకూడదని నేనూ అనను. ఎమ్మెల్యేగా నిలబడాలంటే పాతికేళ్లు నిండితే చాలు. కాకపోతే ఎన్నికల సంఘం అభ్యర్థికి అనుమతించిన ఖర్చే 40 లక్షల రూపాయలు. మూడెకరాల రైతు ఒక్క గంతులో అందుకునేది కాదది. అందుకే తొలి మెట్టు ఏదన్నదే అసలు ప్రశ్న.

వాడి మనసు మార్కెట్ యార్డు మీద ఉంది. పార్టీలో పట్టున్న ఒకాయన మాట ఇచ్చాడట, కమిటీలో వేయిస్తానని. గుంటూరు మిర్చి యార్డంటే మా ప్రాంతంలో మాటలా! సీజన్‌లో రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి సరుకు దిగుతుంది. తెల్లారేసరికి లారీలు, ట్రాక్టర్లు, ముఠా కూలీలు, ఆ ఘాటుకు దగ్గుతూనే టిక్కీలో చెయ్యి పెట్టి కాయ తీసి చూసే వ్యాపారులు. ఆ యార్డు కుర్చీలో కూర్చుంటే జిల్లా అంతా పేరు మోగుతుంది, నిజమే.

కానీ ఆ కుర్చీ ఎవరిస్తారు? 1966 నాటి మార్కెట్ల చట్టం కింద కమిటీని నియమించేది ప్రభుత్వం. రైతు ఓటు వేసి ఎన్నుకునేది కాదు. ప్రభుత్వం మారిన మర్నాటి నుంచే కమిటీలు మారడం మనం చూస్తూనే ఉన్నాం. ఉన్నన్నాళ్లు చేయగలిగిన మంచి పనులు లేకపోలేదు. షెడ్లు, మంచినీళ్లు, రైతులు రాత్రి పడుకోవడానికి చోటు, కాటా సరిగ్గా ఉందో లేదో చూడటం, అమ్మిన రైతుకు డబ్బు సకాలంలో చేరేలా గట్టిగా నిలబడటం. ఇవి చిన్న పనులని నేననను. కానీ రైతు అడిగేది ధర. ధర చైర్మన్ చేతిలో ఉండదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి పడిపోయినప్పుడు క్వింటాకు 11,781 రూపాయల లెక్క తేలింది ఢిల్లీలో, ధర పడిపోతే కేంద్రం ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద. కళ్ల ముందు కల్లాల్లో కాయ ఆరబోసుకుని ఏడుస్తున్న రైతుకు యార్డు కమిటీ సభ్యుడు చెప్పగలిగింది "పైకి రాశాం" అన్న ఒక్క మాటే. కొత్తగా వచ్చిన మనిషికి ఆ మాట పదిసార్లు చెప్పాల్సి వస్తే, పదకొండోసారి ఎవరూ అతని దగ్గరికి రారు.

ఇక సర్పంచ్. దీన్ని తీసిపారేయను. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే పోటీ చేయొచ్చు, ఊరంతా నేరుగా ఓటేస్తుంది, పార్టీ గుర్తులుండవు. గుర్తు లేకపోయినా ఎవరు ఏ పార్టీ మనిషో ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసనుకోండి. గెలిచినవాడు మంచినీళ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు చూడాలి. రైతుకు నేరుగా పనికొచ్చేది డొంక రోడ్డు. నల్లరేగడిలో ఒక్క వాన పడితే డొంకలో ట్రాక్టరు ఇరుసు దాకా దిగిపోతుంది. కూలీలు కాయల బస్తాలు నెత్తిన పెట్టుకుని మోయాలి, కూలి రెట్టింపు. ఆ డొంకకు గ్రావెల్ తోలించిన సర్పంచ్‌ని ఊరు ఇరవై ఏళ్లు గుర్తుపెట్టుకుంటుంది. మా ఊళ్లో అలాంటి ఆమె ఒకరున్నారు, ఇప్పటికీ ఆ దారిని ఆమె పేరుతోనే పిలుస్తాం.

అయితే రెండు చిక్కులు. రిజర్వేషన్ మారితే, ఎంత బాగా చేసినా మళ్లీ అదే ఊళ్లో నిలబడే వీలుండదు. రిజర్వేషన్ న్యాయమైనదే, దాన్ని తప్పుపట్టడం లేదు. ఒక్క మనిషి ఎదుగుదల లెక్కలో చెబుతున్నానంతే. రెండోది డబ్బు. మా వైపు ఊళ్లలో సర్పంచ్ ఎన్నికంటే నాలుగెకరాల మిరపలో మూడేళ్లు మిగిలింది ఒక్క వారంలో కరిగిపోతుంది. అప్పుతో గెలిచినవాడు ఆ తర్వాత ఎవరి మాట వినాలో మీరే ఆలోచించండి.

సొసైటీ, అంటే రైతులకు అప్పులిచ్చే సహకార సంఘం సంగతి కూడా వాడు అడిగాడు. ఒకప్పుడైతే కళ్లు మూసుకుని అదే చెప్పేవాణ్ణి. పంట రుణం, ఎరువు, రైతు ఇంటి లెక్క మొత్తం అక్కడే తెలుస్తుంది. కానీ 2013లో ఎన్నికలయ్యాక మన సహకార సంఘాలు చాలా ఏళ్లు నియమించిన కమిటీలతోనే నడిచాయి. ఎన్నిక లేని చోట నాయకుడు తయారవడు.

నా ఓటు నీటి సంఘానికి, అంటే కాలువ నీటి పంపకం చూసుకోవడానికి ఆ కాలువ కింది రైతులే ఎన్నుకునే సంఘానికి. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

1997లో రైతుల చేతికే సాగునీటి యాజమాన్యం అంటూ చట్టం వచ్చినప్పుడు, మా కాలువ సంఘంలో నేను సభ్యుడిగా గెలిచాను. అప్పటికి నాకు మైకు పట్టుకుని మాట్లాడటం రాదు. కృష్ణా డెల్టా అంటే 13 లక్షల ఎకరాలని పుస్తకంలో చదవడమే గానీ, మా తూము దాటి కింద ఎవరు సేద్యం చేస్తున్నారో తెలియదు. మొదటి ఏడాదే ఆగస్టులో ఒక రాత్రి చివరి భూముల రైతులు పది మంది ఇంటి మీదికొచ్చారు. నారు ఎండిపోతోంది, నీళ్లు రావడం లేదని.

టార్చి లైటు పట్టుకుని కాలువ గట్టు మీద నడిచాం. ఒక చోట నీళ్లు చప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. లైటు వేస్తే గుర్రపుడెక్క దట్టంగా పేరుకుని, దాని వెనక ఇసుక బస్తాలు అడ్డంగా కనిపించాయి. పై రైతు మట్టం లేపుకోవడానికి వేసుకున్నాడు. ఆ పై రైతు ఎవరో కాదు, నాకు వరసకు బాబాయి. నాకు ఓటు వేయించింది కూడా ఆయనే. "ఏరా, నీళ్లు నా చేలోకి పోకుండా చేయడానికా నిన్ను గెలిపించింది?" అన్నాడు. వెనక పది మంది, ముందు బాబాయి. ఏం మాట్లాడాలో తెలియక నేనే కాలవలోకి దిగి మొదటి బస్తా లాగాను. రెండో బస్తాకి మా బాబాయి పాలేరు దిగాడు. మూడో దానికి ఆయనే దిగాడు. తెల్లారేలోపు వంతు కుదిరింది. నాలుగు రోజులు పైవాళ్లకు, మూడు రోజులు కిందివాళ్లకు.

ఆ రాత్రి నేను నేర్చుకున్నది ఏ పార్టీ ఆఫీసులోనూ నేర్పరు. ఎగువ, దిగువ రైతులిద్దరి బాధా నిజమే అయినప్పుడు ఇద్దరికీ ముఖం చూపించగలిగేలా తీర్పు చెప్పడం. పూడిక తీత బిల్లులో ఎన్ని ఘనపు మీటర్లు రాశారో, కాలువలో నిజంగా ఎంత తీశారో కర్ర దించి చూసుకోవడం. కాలువ కాపలా చూసే లస్కర్ దగ్గర్నుంచి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దాకా ఎవరి అధికారం ఎంతో తెలుసుకోవడం. అసెంబ్లీలో సాగునీటి మీద మాట్లాడేవాడికి కావలసింది ఇదే కదా.

నీటి సంఘంలో లోటు లేదని కాదు. జీతం లేదు, నిధులు అంతంతమాత్రం. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగేదాకా చాలాకాలం సంఘాలు పడకేశాయి. ఏకగ్రీవం పేరుతో పార్టీలే పంచుకుంటున్నారన్న మాటా ఉంది. పేపర్లో ఫొటో రాదు. అన్నీ ఒప్పుకుంటాను.

అయినా మన నేల మీద నిలబడిన రైతు నాయకుల్ని చూడండి. గొట్టిపాటి బ్రహ్మయ్య గారు కృష్ణా జిల్లాలో జమీందారీ రైతుల తరఫున నిలబడి నిలబడి పెద్దవారయ్యారు. 1964లో రాష్ట్ర శాసన మండలి అధ్యక్ష పీఠం ఎక్కేనాటికి ఆయన వయసు డెబ్భైకి పైమాటే. జనం మాత్రం ఆయన్ని 'రైతు పెద్ద' అనే పిలిచారు. నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా గారిది వేరే దారి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి 1930ల్లో సొంత ఊళ్లోనే రైతు కార్యకర్తలకు పాఠశాల పెట్టారు. 1951లో కృషికార్ లోక్ పార్టీ, 1959లో స్వతంత్ర పార్టీ, ఎన్ని పార్టీలు మారినా ఆయన మాట రైతు దగ్గరే ఆగేది. ఇద్దరి అభిప్రాయాలతో మనకు పేచీ ఉండొచ్చు. కానీ ఇద్దరికీ పదవి కంటే రైతులు ముందు వచ్చారు.

నియమించిన కుర్చీలో ముందు కూర్చుంటే ఆ వరస తిరగబడుతుంది. నా భయమంతా అదే. మా వాడు మంచివాడు. మంచివాడు పాడవడానికి ఒక చిన్న నామినేటెడ్ పదవి, ముందు వెనక కార్లు చాలు.

ఇదంతా చెప్పాక వాడు కాసేపు మాట్లాడలేదు. "మరి సర్పంచ్‌కి తర్వాతైనా నిలబడొచ్చా?" అన్నాడు. నిలబడొచ్చు, రెండోసారి అదే మేలు అన్నాను. నీటి సంఘంలో అయిదేళ్లు తిరిగినవాడికి ఊరి ఓటు కోసం అంత డబ్బు అవసరం పడదు. యార్డు కుర్చీ మాత్రం వెతుక్కుంటూ వస్తే చూద్దాం, నువ్వు వెతుక్కుంటూ పోకు అన్నాను.

తర్వాత ఒక ప్రశ్న అడిగాను. "అబ్బాయ్, మన కాలువ మీద తూములెన్నో చెప్పు."

గడగడా మొదలుపెట్టాడు. తొమ్మిది దాకా పేర్లతో సహా చెప్పాడు, ఎవరి చేను ఎదురుగా ఏది ఉందో కూడా. పదో దాని దగ్గర ఆగిపోయాడు. అది మా ఊరి పొలిమేర అవతల.

మర్నాడు కనుమ. ఎవరూ ఊరు కదలరని వాళ్లమ్మ వద్దంటున్నా వినకుండా, పొద్దున్నే బండి తీసుకుని కాలువ గట్టు వెంట దిగువకు వెళ్లాడు.